తెల్ల జెండా దగ్గర మనిషి

ఈ మధ్య నేను బందరు అవతల సముద్రం ఒడ్డున నాలుగైదు రోజులు ఉండి వచ్చాను. తీర్థానికి వెళ్ళావా, చుట్టాలింటికి వెళ్ళావా అని వీధిలో అందరూ అడిగారు. దేశానికి కాపలా కాసే కెమెరా ఎంత దూరం చూస్తుందో కొలవటానికి వెళ్ళానని చెబితే రెండో ప్రశ్న ఒక్కరూ వేయలేదు. అడగని ప్రశ్నలన్నిటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు కరీమున్నీసా. చదివింది అయిదో తరగతి. కొలతలు నాకు రావు. నేను వెళ్ళింది వంట చేయటానికి.

కొండపల్లి

మా తమ్ముడు రఫీకి బెజవాడ ఆటోనగర్‌లో రేకులు కోసే షెడ్డు ఉంది. కెమెరాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ వాళ్ళు వాడికి కొన్ని బోర్డులు, కొన్ని జెండాలు, ఒక చెక్క తుపాకీ కావాలని చెప్పారు. రేకు పని వాడు చేసుకున్నాడు. చెక్క పని వాడికి రాదు. అందుకని ఒకరోజు మా ఇంటికి వచ్చి, "ఆపా, మీ వీధిలో బొమ్మలు చేసే ఆయనకి చెప్పి ఒక తుపాకీ చేయించు" అన్నాడు.

మా ఆయన థర్మల్ కరెంటు స్టేషన్‌లో డ్యూటీ దిగి అప్పుడే వచ్చి అన్నం తింటున్నారు. ముద్ద చేతిలోనే ఉంచుకుని వాడి వంక చూశారు.

మా వీధి చివర చారిగారు ఏనుగు అంబారీలు చేస్తారు, దశావతారాలు చేస్తారు. తుపాకీ ఎప్పుడూ చేయలేదు. అయినా పొనికి చెక్కతో నిజమైనంత పొడవున చేసి పెట్టారు. చేసిన చెయ్యి ఊరుకోక దానికి ఆకుపచ్చ రంగు వేసి, మీద పసుపు చుక్కలు పెట్టి, చివర్న ఎర్ర పువ్వు ఒకటి దిద్దారు. రఫీ అది చూసి తల పట్టుకున్నాడు. కంపెనీ అమ్మాయి మాత్రం ఫోనులో ఫోటో చూసి పరవాలేదన్నదట. వాళ్ళ కెమెరా రంగుల్ని చూడదు, వేడిని చూస్తుందట. ఒంటి వేడికి అడ్డం వచ్చి తుపాకీ ఆకారం కనపడితే చాలట.

వంటమనిషి సంగతి కూడా ఆ రోజే తేలింది. వాళ్ళు కొలవబోయే సముద్రం ఒడ్డు పాలెంలో హోటలు లేదు. రఫీ నన్ను అడగలేదు. మా ఆయన్ని అడిగాడు. మా ఆయన, "తీసుకుపో, నాకూ నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. అలా నా ప్రయాణం ఖాయమైంది.

ఆటోనగర్

ఆ అమ్మాయి పేరు శ్రావణి. బెజవాడ పిల్లే. వాళ్ళింట్లో నీచు వండరు, ఈ పిల్ల బయట గుడ్డు వరకు తింటుంది. సన్నగా ఉంటుంది, ఎండకి టోపీ పెట్టుకుంటుంది, ఎవరితో మాట్లాడినా చివర అండీ తగిలిస్తుంది. ఆఖరికి మా తమ్ముడి షెడ్డులో పడుకునే కుక్కని కూడా "కొంచెం జరగండి" అన్నది. నేను విన్నాను.

సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే రఫీ చేసిన బోర్డు చూశాను. నల్ల రేకుకి నాలుగు పొడుగు సందులు కోసి, వెనక వేడెక్కే పలక బిగించాడు. "ఇది దోసెల పెనం కదరా" అన్నాను. శ్రావణే చెప్పింది.

"కంటి ఆసుపత్రిలో గోడ మీద అక్షరాలు చూపిస్తారు కదా ఆంటీ. కెమెరాకి ఇది అలాంటిది. గీతలు నిలువుగా పెట్టామా, అడ్డంగా పెట్టామా అని అడుగుతాం. దూరం జరిగేకొద్దీ నాలుగు గీతలూ కలిసిపోయి ఒక మరకలా అయిపోతాయి. అక్కడితో ఆ కెమెరా పని అయిపోయినట్టు."

"చెప్పాల్సింది కెమెరానా?"

"కాదండీ. తెర మీద చూసే మనిషి చెప్పాలి. బొమ్మ అందంగా ఉందా అని ఎవరూ అడగరు. చూసినవాడికి ఏం తెలిసిందనేదే లెక్క. ముందు అక్కడ ఏదో ఉందని తెలియాలి. తర్వాత అది మనిషని తెలియాలి. ఆ తర్వాత చేతిలో ఏముందో తెలియాలి. ఒక్కోదానికి ఒక్కో దూరం."

ఇది నాకు బాగా అర్థమైంది. మా అరుగు మీద కూర్చుంటే సందు మొదట్లో ముందు ఎవరో వస్తున్నారని తెలుస్తుంది. తర్వాత ఆడమనిషని తెలుస్తుంది. ఇంకాస్త దగ్గరికొచ్చాక అది మా ఆడబిడ్డ అని తెలుస్తుంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవాలంటే ఆ మూడోది తొందరగా తెలియాలి.

పామర్రు

ఉయ్యూరు దాటేదాకా చెరుకు లారీల వెనకే వెళ్ళాం. పామర్రులో టీ తాగటానికి ఆగాం. టీ పదిహేను రూపాయలు. కొండపల్లిలో పది. గ్లాసు మాత్రం పామర్రులోనే చిన్నది.

తువ్వాలులో చుట్టిన తుపాకీ సీటు మీద నుంచి జారి, మొన బయటికి వచ్చింది. టీకొట్టు ఆయన గిన్నె దించి, దగ్గరికి వచ్చి, ఆకుపచ్చ రంగూ ఎర్ర పువ్వూ చూసి, "సినిమా షూటింగాండి?" అన్నాడు. రఫీ నోరు తెరిచే లోపల నేను అవునన్నాను.

"హీరో ఎవరండి?"

"కొత్తాయన" అన్నాను.

పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన నన్ను తేరిపార చూసి, "అమ్మ వేషం మీదేనాండి?" అని అడిగాడు. కొత్త కుర్రాళ్ళని పైకి తేవాలి అన్నాడు. బందరు దాకా శ్రావణి కిటికీ వైపు తిరిగి నవ్వుతూనే ఉంది. ఆ పిల్ల నవ్వటం చూడటం అదే మొదలు.

బందరులో లడ్డూలు కొన్నాం. చేతిలో పట్టుకుంటే నెయ్యి కారుతుంది. వాటి గురించి వేరే చెప్పను. తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళకి చెప్పి లాభం లేదు.

పాలెం

బందరు దాటాక రోడ్డు సన్నబడి, రెండు వైపులా రొయ్యల చెరువులు వచ్చి, ఆ తర్వాత సరుగుడు తోపు వచ్చి, తోపు అవతల సముద్రం వచ్చింది. ముందు ఉప్పు వాసన తగిలింది, నీళ్ళు తర్వాత కనపడ్డాయి.

మాకు చోటిచ్చింది నాంచారయ్య గారు, ఆయన భార్య సామ్రాజ్యం గారు. ఆయన పడవ మీద వేటకి పోతాడు. ఆమె చేపలు బందరు తీసుకుపోయి అమ్ముతుంది. ఇంట్లో డబ్బూ, నోరూ, తాళాలూ ఆమె దగ్గర ఉంటాయి. ఆయన దగ్గర రేడియో ఉంటుంది. మేం దిగేసరికి ఆమె నా చేతిలో గరిట లాక్కుని, "ఇయ్యాల మీరు చుట్టాలండి. చుట్టం పొయ్యి దగ్గరికి పోతే మా ఊరోళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతారు" అన్నది.

అక్కడ చందువా చేప బెజవాడ ధరలో సగం. పీతలైతే ఊరికే ఇచ్చినట్టే. చేపకి మా మతంలో జబీహా, అంటే దేవుడి పేరు చెప్పి కోయాలనే పట్టింపు లేదు కాబట్టి నాకు ఏ ఇబ్బందీ లేదు. శ్రావణికి మాత్రం గుడ్డు వేపి పెట్టారు. ఆ పాలెం మర్యాద ఒకటి చెప్పాలి. చుట్టాలని ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టి పెడతారు. ఇంటివాళ్ళు తర్వాత వంటింట్లో కింద కూర్చుని తింటారు. చుట్టం ఏదడిగినా లేదనరు. మాకు బెజవాడ పక్కన అంత ఓపిక లేదు. దారి అడిగితే తెలియదంటాం. వీళ్ళు తెలియకపోయినా చెబుతారు. రఫీ సిగరెట్ల కొట్టు ఎక్కడని అడిగితే ముగ్గురు మూడు వైపులు చూపించారు. ఆ ఊళ్ళో సిగరెట్ల కొట్టు లేదు.

తింటుండగా శ్రావణి తమ పని చెప్పింది. ఒడ్డున కెమెరా పెడతారు. ఇసుకలో దూరం దూరంగా మూడు జెండాలు పాతుతారు, ముందు ఎర్రది, తర్వాత పసుపుది, చిట్టచివర తెల్లది. తెల్ల జెండా దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో ఉన్నది తెడ్డో తుపాకీయో ఈ తెర మీద తెలియాలి. తెలిస్తేనే పెద్ద ఆఫీసర్లు కెమెరాలు కొంటారు. తెలుస్తుందని వాళ్ళ ఓనరు ముందే మాటిచ్చాడట.

నాంచారయ్య గారు అన్నం కలుపుతూ, "ఇట్టాంటిదే నన్నొకసారి చూసిందండి" అన్నాడు.

పోయిన ఎండాకాలం ఆయన తెల్లారగట్ల వల తీసుకుని వస్తుంటే కాపలా బోటు ఒకటి అడ్డం వచ్చిందట. ఎక్కడో తెర ముందు కూర్చున్నవాడికి ఈయన చేతిలో తుపాకీ ఉన్నట్టు అనిపించిందట. చేతిలో ఉన్నది విరిగిన తెడ్డు.

"చేతులెత్తమన్నారండి. ఎత్తా. తెడ్డు కూడా ఎత్తా. వాళ్ళు తుపాకులు నా మీదికి తిప్పారు. ఇడిసెయ్యరా అని ఒకటే అరుపు."

"మరి వదిలేయొచ్చుగా?" అన్నాడు రఫీ.

"నీళ్ళల్లో కొట్టుకుపోద్దిగా. కొత్తది కొనాలి."

సామ్రాజ్యం గారు గుమ్మం దగ్గర నిలబడి, "విరిగిన తెడ్డు కోసం చచ్చేవోణ్ణి కట్టుకున్నానండి" అన్నది. తర్వాత లోపలికి వెళ్ళింది. మర్నాటి సాయంత్రం దాకా ఆయన ఇంటికి రాలేదని, ఒడ్డున నిలబడి ఆ రోజంతా ఆమె నోట్లో నీళ్ళు పోసుకోలేదని నాకు తర్వాత వేరేవాళ్ళు చెప్పారు.

నా పొయ్యి

మర్నాడు చుట్టరికం తీరింది కాబట్టి నన్ను వండనిచ్చారు. ఒడ్డున నీలం పట్టాతో గుడారం వేసి, లోపల తెర పెట్టారు. నేను గాలి చాటు చూసుకుని కొంచెం ముందుగా పొయ్యి పెట్టి డేగిసా ఎక్కించాను.

కాసేపటికి శ్రావణి బయటికి వచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడింది. తెర మీద ఎర్ర జెండా దగ్గర నిలబడ్డ నాంచారయ్య గారు కనపడటం లేదట. మామూలుగా ఇంత దగ్గర మనిషి కొట్టొచ్చినట్టు కనపడాలట. వైర్లు విప్పి చూసింది, అద్దం తుడిచింది. కెమెరా ఎదుట ఒక మూల నా డేగిసా ధగధగ మెరుస్తున్నదని చివరికి రఫీ చూశాడు. అంత వేడి వస్తువు ఎదురుగా ఉంటే ఆ కెమెరా దానికి తగ్గట్టు తన చూపు సర్దుకుంటుందట. దాంతో మనుషులు మసకబారిపోతారట.

"ఆపా, నీ బిర్యానీ ఊరందర్నీ మాయం చేసింది" అన్నాడు.

పొయ్యి గుడారం వెనక్కి మార్చాను. మధ్యాహ్నం నా తప్పేమీ లేకుండానే అందరూ మళ్ళీ మాయమయ్యారు. ఎండకి ఇసుక కాగి మనిషి ఒంటి వేడికి సమానమైతే రెండూ ఒకటే రంగులోకి వస్తాయట. నాంచారయ్య గారు ఎర్ర లుంగీ కట్టుకుని ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. తెర మీద ఖాళీ. అందుకని పొద్దుటిపూటా, పొద్దు వాలాకా మాత్రమే కొలవాలని అనుకున్నారు.

నాలుగు గీతలు

తెర చూసి చెప్పటానికి పాలెంలో అయిదుగురిని పిలిచారు. ముందు వాళ్ళ కళ్ళు పరీక్ష చేశారు. కెమెరాల సంగతి తెలియనివాళ్ళే కావాలట. తెలిసినవాళ్ళైతే ఊహించి చెబుతారట. నన్ను తీసుకోలేదు. బోర్డులు చేయటం నేను చూశానని.

ఒక్కొక్కరిని లోపలికి పిలిచి, తెర పక్కన శ్రావణి కూర్చుని అడిగేది. "గీతలు నిలువుగా ఉన్నాయాండీ, అడ్డంగా ఉన్నాయాండీ?" నేను టీ పట్టుకుని వెళ్తూ వస్తూ విన్నాను. ఎర్ర జెండా దగ్గర అందరూ సరిగ్గా చెప్పారు. పసుపు దగ్గరా చెప్పారు. తెల్ల జెండా దగ్గర, నాకు తెర మీద దీపం మీద పొగలాంటిది తప్ప ఏమీ కనపడలేదు, అక్కడ కూడా చెప్పారు. సామ్రాజ్యం గారైతే ఒక్కటీ తప్పలేదు.

"ఏం కళ్ళండీ మీవి" అన్నది శ్రావణి.

"సముద్రం చూసే కళ్ళు కదండీ" అన్నది ఆమె.

సాయంత్రం శ్రావణి ఓనరుకి ఫోను చేసి తెల్ల జెండా దాకా తెలుస్తున్నదని చెప్పింది. ఆయన అప్పటికప్పుడు ఆఫీసర్లకి చెప్పేశాడు. ఎల్లుండి వాళ్ళని తీసుకుని వస్తానన్నాడు. ఆ రాత్రి ఆ పిల్ల గుడ్డుతో పాటు రెండు లడ్డూలు తిన్నది.

తుపాకీ

మర్నాటి పొద్దున మనుషుల వంతు. రఫీ వాకీటాకీ పట్టుకుని, వ్యానులో వేసుకొచ్చిన తన మోటార్ సైకిల్ మీద జెండాల మధ్య తిరుగుతుంటాడు. శ్రావణి చెప్పినదాన్ని బట్టి నాంచారయ్య గారు తెడ్డో, చారిగారి తుపాకీయో పట్టుకుని నిలబడతాడు. గుడారంలో ఉన్నవాళ్ళు అదేదో చెప్పాలి.

అన్నీ సరిగ్గా చెప్పారు. తెల్ల జెండా వంతు వచ్చింది. శ్రావణి వాకీటాకీలో తుపాకీ అని చెప్పి, సామ్రాజ్యం గారిని పిలిచింది. రఫీ ఎంతకీ బదులు పలకలేదు. వాడి వాకీటాకీ బ్యాటరీ అయిపోయిందని, ఇంకోటి తేవటానికి వాడు తోపులో ఆపిన వ్యాను దగ్గరికి నడిచి వెళ్ళాడని అప్పుడు మాకు తెలియదు. తెర మీద తెల్ల జెండా పక్కన తెల్లటి మరక ఒకటి ఉంది.

"ఏం కనపడుతుందండీ?"

సామ్రాజ్యం గారు తెర వంక చూసింది. తర్వాత శ్రావణి వంక చూసింది. "మా ఆయనేనండి. నిలబడ్డాడు. చేతిలో తుపాకీ అండి."

"బాగా తెలుస్తుందాండీ?"

"పువ్వు తప్ప అన్నీ తెలుస్తున్నయ్యండి."

"నాకూ అలాగే కనపడుతుందండీ" అని శ్రావణి రాసుకుంది.

నేను గుడారం గుమ్మంలో టీ పట్టుకుని ఉన్నాను. నా వెనక నుంచి నాంచారయ్య గారు తల లోపలికి పెట్టి, "ఎవరి చేతిలో తుపాకీ?" అన్నాడు. బ్యాటరీ వచ్చే లోపల మజ్జిగ తాగుదామని తోపు చాటు నుంచి వచ్చాడట. తుపాకీ ఇసుకలో పడేసి వచ్చాడట.

ఆయనకి మజ్జిగ ఇచ్చాను.

తర్వాత వెళ్ళి చూస్తే తెల్ల జెండా దగ్గర ఉన్నది మా రఫీ మోటార్ సైకిల్. ఎండలో తిప్పి తిప్పి ఇంజను కాలిపోతోంది.

రఫీ తిరిగొచ్చి గట్టిగా మాట్లాడబోయాడు. శ్రావణి వద్దంది. రాసుకున్న కాగితాలన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నెమ్మదిగా అడిగింది. "నిన్న గీతలు అన్నీ సరిగ్గా చెప్పారు కదండీ. అవెలా చెప్పారు?"

సామ్రాజ్యం గారు దాచలేదు. "మీ మొహం చూశామండి. నిలువైతే మీ కళ్ళు నవ్వుతయ్యి, అడ్డమైతే మామూలుగా ఉంటయ్యి. చేపల బేరం చేసేవోళ్ళకి అదెంత పనండి? గంప దించకముందే ఎవరు కొంటారో మాకు తెలుసు."

"కనపడటం లేదని చెప్పొచ్చు కదండీ."

"అంత దూరం నించి వచ్చారు. ఆడపిల్ల, ఎండలో నిలబడతన్నారు. మా ఇంట్లో అన్నం తింటన్నారు. కనపడట్లేదని మొహాన ఎట్టా అంటామండి?"

శ్రావణి చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీసింది. ఆఖరికి అన్నది, "తెల్ల జెండా దాకా తెలుస్తుందని నేను రాస్తే, రేపు తెర ముందు కూర్చునేవాడు అదే నమ్ముతాడండీ. అంత దూరంలో వాడికి తుపాకీలా అనిపిస్తే తుపాకీ అనే అనుకుంటాడు. ఎందుకంటే ఈ కెమెరాకి తెలుస్తుందని కాగితం మీద ఉంటుంది."

సామ్రాజ్యం గారు మొగుడి వంక చూసింది. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"అంటే మీరు బాగుండాలని మేం చెప్పిన మాట, పోయి పోయి ఈయన మీద పడుద్దా?"

"పడుతుందండీ."

చేపలు

ఆ సాయంత్రం దాకా శ్రావణి ఒక్క మెతుకు ముట్టలేదు. మళ్ళీ మొదటి నుంచీ కొలవాలి. చేతిలో ఉన్నది రేపు ఒక్క పొద్దు. రేపే ఓనరూ ఆఫీసర్లూ వస్తారు. తెల్ల జెండా తెలియదని తేలితే ఓనరు మాట పోతుంది, ఆ పిల్ల పని పోతుంది. తెలుస్తుందని రాస్తే ఏమవుతుందో ఆ పిల్లకి ఇప్పుడు ఎదురుగా కనపడుతోంది, గళ్ళ లుంగీ కట్టుకుని రేడియో తిప్పుకుంటూ.

"వెనక కూర్చుంటాను. మొహం చూపించను. ఏం పట్టుకోవాలో నాంచారయ్య గారే అనుకుంటారు, నాకు చెప్పొద్దు" అన్నది నాతో. "అయినా వీళ్ళు నాకు లేదని చెప్పరు ఆంటీ. చెప్పలేరు."

ఆ మాట సామ్రాజ్యం గారు విన్నది. లోపలికి పోయి గంప తెచ్చి శ్రావణి ముందు దించింది. గంప నిండా సముద్రం నుంచి అప్పుడే వచ్చిన గొరకలు.

"రా. పెరట్లోకి రా. ఇయి తోమాలి."

రఫీ కంగారుపడి, "మేడమ్ గారు చేపలు ముట్టరండీ, వాళ్ళింట్లో..." అన్నాడు.

"చుట్టమైతే ముట్టొద్దు. చుట్టానికి నేను రేపు కూడా కనపడుతుందనే చెబుతా" అన్నది ఆమె.

శ్రావణి లేచింది. పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. బూడిద ఎట్లా పూయాలో, పొలుసు ఏ వైపు నుంచి గీకాలో సామ్రాజ్యం గారు చూపించింది. మొదటి చేప చేతిలో నుంచి జారి బావి గట్టు దాకా పోయింది. ఆ పిల్ల ముక్కుకి చున్నీ కట్టుకుంది, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది, చేప మాత్రం వదల్లేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురూ చేరి, "పొలుసు పోయే వైపు కాదే, ఎదురు గీకు", "దాని మొహం ఎట్టా పెట్టిందో చూడు, చేప దీన్ని తోముతున్నట్టుంది" అని వేళాకోళం చేశారు. పగలంతా మేడమ్ గారూ అన్నవాళ్ళు వీళ్ళే.

ఆ పూట ఆ పిల్లకి ముందు గదిలో మంచం వేయలేదు. అందరం తిన్నాక వంటింట్లో ఆడవాళ్ళతో కింద కూర్చుని, గిన్నెలో అడుగున మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నది. సామ్రాజ్యం గారు ఆ పిల్ల చేతులు వాసన చూసి, "రెండు రోజులుంటది. పోదు" అన్నది.

పెద్దవాళ్ళు వచ్చారు

మర్నాడు పొద్దున్నే ఓనరు తెల్ల కారులో వచ్చాడు. ఆయనతో ఇద్దరు ఆఫీసర్లు. నేను ఉప్మా పెట్టాను. ఆఫీసర్లలో పెద్దాయన రెండోసారి పెట్టించుకున్నాడు.

శ్రావణి గుడారం వెనక చీర కట్టి, దాని అవతల కూర్చుంది. ఎర్ర జెండా. అయిదుగురూ సరిగ్గా చెప్పారు. పసుపు జెండా. ఒకళ్ళు తడబడ్డారు, మిగిలినవాళ్ళు తెడ్డు తెడ్డన్నారు, తుపాకీ తుపాకీ అన్నారు. నాంచారయ్య గారు ఏది పట్టుకున్నాడో రఫీ అక్కడ రాసుకుంటున్నాడు.

తెల్ల జెండా. మొదట వెళ్ళిన ముసలాయన, "మడిసని తెలుస్తుందమ్మాయ్. చేతిలోది తెలవట్లా" అన్నాడు. తర్వాత ఇద్దరు కూడా అదే చెప్పారు. ఓనరు చెమట తుడుచుకుంటూ లేచి, గుడారంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు సామ్రాజ్యం గారి వంతు.

ఆమె తెర చూసింది. ఈసారి ఎవరి మొహమూ చూడలేదు.

"మడిసి. ఏదో పట్టుకున్నాడు. తెడ్డో తుపాకీయో తెలవట్లేదే పిల్లా."

చీర వెనక నుంచి శ్రావణి, "సరే పిన్నీ" అన్నది.

ఓనరు ముందుకు వంగి, చేతులు జోడించినంత పని చేశాడు. "అమ్మా, ఇంకోసారి చూడండమ్మా. తొందరేం లేదు. ఆయన మీ వారే కదమ్మా. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అది తెడ్డే కదమ్మా?"

ఇంటికొచ్చిన పెద్దమనిషి అంత మర్యాదగా అడిగితే కాదన్నవాళ్ళు ఆ పాలెంలో ఇంతవరకు లేరు. నేను పొయ్యి దగ్గర గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను. సామ్రాజ్యం గారు పైట సర్దుకుని, పక్కనున్న కుర్చీ ఆయన వైపు జరిపింది.

"కూర్చోండయ్యా. ఎండన పడి వచ్చారు. అక్కా, అయ్యగారికి మంచినీళ్ళివ్వండి." ఆయన కూర్చునేదాకా ఆగింది. "ముప్పయ్యేళ్ళ నించి చూస్తన్నా ఆయన్ని. అక్కడున్నది ఆయనో కాదో కూడా నాకు తెలవట్లేదండి. నాకే తెలవనిది జీతానికి కూర్చున్నోడికి ఏం తెలుసుద్ది? తెలవదనే రాయించండి."

నేను నీళ్ళు తెచ్చాను. ఓనరు తాగాడు. శ్రావణి చీర పక్కకి తీసి బయటికి వచ్చి, పసుపు జెండా దాకా అని రాసి, సంతకం పెట్టి ఆఫీసర్ల చేతికిచ్చింది. పెద్దాయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఉప్మాలో ఏం వేశారమ్మా అని నన్ను అడిగాడు. జీడిపప్పు ముందు విడిగా వేయించుకోవాలని చెప్పాను.

తర్వాత

తిరుగు దారిలో మేం పామర్రులో ఆగలేదు. ఓనరు కారు ముందు వెళ్తుంటే ఆగాలని ఎవరికీ అనిపించలేదు.

పెద్ద ఆర్డరు వాళ్ళకి రాలేదు. ఓనరు శ్రావణిని ఆ పని నుంచి తీసేసి నగల షాపుల్లో కెమెరాలు బిగించే పనికి వేశాడు. ఒకరోజు ఫోను చేసి ఆ పిల్లే చెప్పింది. నగల షాపులో తెల్ల జెండా ఉండదు ఆంటీ, అంతా ఎర్ర జెండా దూరమే అన్నది. బాధపడుతున్నదా అంటే, అప్పుడప్పుడూ అన్నది.

ఆఫీసర్లు మాత్రం ఒక్క కెమెరా కొని ఆ పాలెం ఒడ్డునే స్తంభం ఎక్కించారట. దాంతో పాటు ఒక రూలు కూడా పెట్టారట. పసుపు జెండా దూరం లోపలైతే చూసి చెప్పొచ్చు. అది దాటి ఎవరు కనపడ్డా, చేతిలో ఏముందో అనుకోకూడదు. కాపలా బోటు వాళ్ళే దగ్గరికి పోయి, మైకులో అడగాలి.

మొన్న నాంచారయ్య గారు ఫోను చేసి నాతో మొరపెట్టుకున్నాడు. "రోజూ ఇదే గోలండి. ఎవరు నువ్వు, ఎవరి పడవ, చేతిలో ఏందది? నిన్న అడిగినోడే ఇయ్యాల మళ్ళీ అడుగుతాడు. చేపలు బెదిరిపోతన్నయ్యండి. తెడ్డురా నాయనా తెడ్డురా అని నా గొంతు పోయింది."

ఆయన ఇంకా ఏదో చెబుతుంటే సామ్రాజ్యం ఫోను లాక్కున్నది.

"అడగనియ్యండక్కా" అన్నది. "అడిగి, ఇంటికి పంపిస్తన్నారుగా."